ఇంగ్లీషు–స్పానిష్ అనువాద పరీక్ష: రుణ పరిభాషను నేను చదివిన తీరు

అమెరికన్ ట్రాన్స్‌లేటర్స్ అసోసియేషన్ నిర్వహించే ఇంగ్లీషు–స్పానిష్ ధ్రువీకరణ పరీక్షకు సిద్ధమవుతున్న తెలుగువారు తక్కువే. అయినా హైదరాబాదులో స్పానిష్ చదువుకుని విదేశీ బ్యాంకుల సేవా కేంద్రాల్లో పనిచేస్తున్న మిత్రులు కొందరు అప్పుల పరిభాషను ఎలా చదవాలని అడుగుతున్నారు కాబట్టి, నేను అనుసరించిన పద్ధతిని ఇక్కడ రాస్తున్నాను.

ఈ పరీక్షలో 225 నుంచి 275 పదాలుండే భాగాలు రెండింటిని మూడు గంటల్లో అనువదించాలి. తప్పు తీవ్రతను బట్టి పాయింట్లు వేస్తారు, ఒక భాగంలో అవి 18కి చేరితే ఆ భాగం పోయినట్టే. ఆర్థిక విషయం వచ్చినప్పుడు అర్థాన్ని మార్చేసే ఒక్క పదానికే పాయింట్లు గట్టిగా పడతాయి కాబట్టి, పదాల పట్టికను బట్టీ పట్టే ముందు అప్పు నడిచే తీరును నేర్చుకోవాలని నిర్ణయించుకున్నాను.

అందులో ఎక్కువ సమయం తీసుకున్నది వార్షిక శాతపు రేటు, అంటే ఏపీఆర్ (అప్పుకయ్యే వడ్డీ, రుసుములు కలిపి ఏడాదికి శాతంలో చెప్పే ఖర్చు). స్పెయిన్‌లో దానికి దీటుగా కనిపించే మాట తాసా అన్వల్ ఎకివలెంతె, పొట్టిగా టీఏఈ. కానీ ఈ రెండింటి లెక్క ఒకటి కాదు. మన ఊళ్లలో రూపాయి వడ్డీ అంటే నూటికి నెలకు రూపాయి, ఏడాదికి 12 శాతం అని పిల్లలకు కూడా తెలుసు. వేరే రుసుములేవీ లేని ఇలాంటి అప్పుకు అమెరికా చట్టం ప్రకారం ఏపీఆర్ కూడా 12 శాతమే, ఎందుకంటే అక్కడ నెలసరి రేటును పన్నెండుతో గుణిస్తారు. టీఏఈకి వాడే ఐరోపా సూత్రం మాత్రం దాన్ని చక్రవడ్డీగా లెక్కించి 12.68 శాతంగా చూపిస్తుంది. కాబట్టి అమెరికా పత్రంలోని 12 శాతం ఏపీఆర్‌ను 12 శాతం టీఏఈ అని రాస్తే భాష సరిగానే ఉన్నా లెక్క తప్పుతుంది. అమెరికాలోని స్పానిష్ పత్రాల్లో కనిపించే తాసా దె పొర్సెంతాహె అన్వల్ అనే మాట అక్కడ క్షేమం. మెక్సికోలో కోస్తో అన్వల్ తోతల్, చిలీలో కార్గా అన్వల్ ఎకివలెంతె, పెరూలో తాసా దె కోస్తో ఎఫెక్తివో అన్వల్ అని ఏ దేశపు అధికారిక మాట దానికే ఉంది. అందుకే ప్రశ్నతో పాటు ఇచ్చే సూచనల్లో పాఠకులు ఎవరో చెప్పిన వాక్యాన్ని ముందుగా చదవాలి.

లోన్ అన్న మాటకు ప్రెస్తమో, క్రెదితో అనే రెండు మాటలూ నిఘంటువులో దొరుకుతాయి. స్పెయిన్ బ్యాంకుల వాడుకలో మొత్తం ఒకేసారి చేతికి వచ్చి వాయిదాల్లో తీరేది ప్రెస్తమో, పరిమితి పెట్టుకుని వాడుకున్నంత సొమ్ముకే వడ్డీ కట్టేది క్రెదితో. మన వ్యాపారుల క్యాష్ క్రెడిట్ ఖాతా ఈ రెండో కోవకు చెందుతుంది. హామీల విషయంలో మనకున్న తేడా అలాగే పనికివస్తుంది: బంగారం కుదువ పెట్టడం ప్రెందా అయితే, ఇల్లు మన స్వాధీనంలోనే ఉండగా తనఖా రాసివ్వడం ఇపొతేకా. మెక్సికోలో 1775లో స్థాపించిన నసియోనల్ మోంతె దె పియెదాద్ నగలు తాకట్టు పెట్టుకుని ఇచ్చే అప్పుల గురించి చదివితే, ప్రెందాకు సంబంధించిన పదజాలం దాదాపుగా పట్టుబడుతుంది.

బకాయిల దగ్గర ఇంకాస్త జాగ్రత్త కావాలి. ఇంగ్లీషులో డెలిన్‌క్వెన్సీ అంటే వాయిదా గడువు దాటిపోవడం, కానీ స్పానిష్‌లో దెలిన్‌క్వెన్సియా అంటే నేరాలు చేయడం. పాపం, ఒక నెల వాయిదా ఆలస్యమైన మనిషిని నేరస్థుణ్ణి చేసినట్టవుతుంది. స్పెయిన్‌లో మొరోసిదాద్ అనాలి. బ్యాంకు మొండి బాకీల గురించైతే మెక్సికోలో కార్తేరా వెన్సీదా అంటారు. ఒప్పందాన్ని ఉల్లంఘించడమనే అర్థంలో డిఫాల్ట్ వస్తే ఇన్‌కుంప్లిమియెంతో సరిపోతుంది.

సాధనకు నిఘంటువులకన్నా ఎక్కువ ఉపయోగపడింది ఐరోపా సమాఖ్య 2014/17 ఆదేశం. గృహరుణాలపై ఉన్న ఈ ఆదేశం ఇంగ్లీషు, స్పానిష్ పాఠాలు రెండూ అధికారికమే. వాటిని ఐరోపా సమాఖ్య చట్టాల వెబ్‌సైటు యూర్‌లెక్స్‌లో పక్కపక్కన తెరిచి, ఇంగ్లీషు పేరాను నేను అనువదించి, స్పానిష్ పేరాతో పోల్చుకునేదాన్ని. దాన్ని అమలుచేసిన స్పెయిన్ 5/2019 చట్టాన్ని కూడా చదివితే, అప్పు పత్రాలు సంతకానికి కనీసం పది రోజుల ముందే రుణగ్రహీతకు అందాలని, నోటరీ ఆ షరతులను విడమరిచి చెప్పాలని తెలుస్తుంది. ఈ నోటరీ మన కోర్టుల బయట ముద్ర వేసేవారి వంటి వ్యక్తి కాదు, ప్రభుత్వాధికారి హోదా ఉన్న న్యాయకోవిదుడు. అమెరికాలోని నోటరీ పబ్లిక్ తమను నోతారియో పూబ్లికోగా ప్రకటించుకోవడాన్ని అక్కడి పలు రాష్ట్రాలు నిషేధించడానికి కారణం ఇదే. అమెరికా వాసుల కోసం అనువదించేవారికి వినియోగదారుల ఆర్థిక రక్షణ సంస్థ ప్రచురించిన ఇంగ్లీషు–స్పానిష్ పదకోశం ఉచితంగానే దొరుకుతుంది.

చివరి పది నిమిషాలను అంకెలకే కేటాయించండి. ఇంగ్లీషు బిలియన్ అంటే వంద కోట్లు, స్పానిష్‌లో మిల్ మిల్యోనెస్. స్పానిష్ బిల్యోన్ మాత్రం మన లక్ష కోట్లు. అలాగే స్పెయిన్‌లో దశాంశానికి కామా, మెక్సికోలో చుక్క వాడతారు. మొదటి అంకెకు ఏది ఎంచుకున్నారో భాగం మొత్తంలో అదే ఉందో లేదో సరిచూసుకోండి.