చుక్కలను కలవనిస్తేనే సమానమవుతాయి

నూనె, నీరు విడిపోకుండా నిలవాలంటే సబ్బు జాతి పదార్థం తప్పనిసరి అని చదువుకున్న నాకు, సన్నని సిలికా (ఇసుకలో ఉండే ఖనిజం) పొడి ఒక్కటే ఆ పని చేస్తుందని ప్రయోగశాలలో చూసేదాకా నమ్మకం కుదరలేదు. ఈ సంగతిని 1903లో వాల్టర్ రామ్స్‌డెన్, 1907లో స్పెన్సర్ పికరింగ్ ప్రకటించగా, ఇలా రేణువులతో నిలిచే ఎమల్షన్లకు, అంటే ఒక ద్రవం చుక్కలుగా మరో ద్రవంలో పరుచుకున్న మిశ్రమాలకు, పికరింగ్ ఎమల్షన్లన్న పేరే స్థిరపడింది. మొదట చెప్పినవారి పేరు మరుగున పడటం నాకు న్యాయంగా తోచదు.

సబ్బు అణువులు నీటిలోని నూనె చుక్క ఉపరితలానికి వస్తూ పోతూ ఉంటాయి. ఘన రేణువు అలా కాదు. 10 నానోమీటర్ల వ్యాసార్ధమున్న రేణువును కూడా నూనె, నీటి సరిహద్దు నుంచి ఊడదీయడానికి, స్పర్శకోణం (రేణువును నీరు, నూనెల్లో ఏది ఎక్కువ తడుపుతుందో చెప్పే కోణం) 90 డిగ్రీలకు దగ్గరగా ఉంటే, ఉష్ణచలనం ఇవ్వగల శక్తికి కొన్ని వేల రెట్లు కావాలి. అయితే ఆ కోణమే కీలకం. నా తొలి ప్రయత్నాలన్నీ విఫలమైనది అక్కడే: శుద్ధ సిలికా నీటిలోనే ఉండిపోయి, సరిహద్దుకు రాలేదు. ఉపరితలాన్ని సిలేన్ అనే సిలికాన్ రసాయనంతో పాక్షికంగా నీటిని వికర్షించేలా మార్చిన పొడి తెచ్చుకున్నాకే ఎమల్షన్ నిలిచింది.

చుక్కలన్నీ ఒకే పరిమాణంలో రావాలంటే మిక్సర్ వేగం పెంచాలని చాలాకాలం భ్రమపడ్డాను. నిజానికి పొడిని కావలసినదానికంటే తక్కువగా వేసి, బాగా చిలికి, ఆపేయాలి. అప్పుడు ఉపరితలం పూర్తిగా కప్పబడని చిన్న చుక్కలు ఒకదానితో ఒకటి కలుస్తూ పెరుగుతాయి. కలిసిన కొద్దీ మొత్తం ఉపరితల వైశాల్యం తగ్గుతుంది కాబట్టి, ఉన్న రేణువులే దాన్ని కప్పడానికి సరిపోయే దశ వస్తుంది, కలయిక అక్కడితో ఆగిపోతుంది. 10 మిల్లీలీటర్ల నూనెకు 100 నానోమీటర్ల వ్యాసమున్న సిలికా గోళాలు 0.1 గ్రాము వేస్తే, లెక్క ప్రకారం చుక్క వ్యాసం సుమారు 70 మైక్రాన్లు. పొడిని రెట్టింపు చేస్తే అది సగమవుతుంది. పొడి మరీ ఎక్కువైతే మాత్రం ఈ నియమం చెల్లదు, పరిమాణాన్ని మళ్లీ మిక్సరే నిర్ణయిస్తుంది.

ఇంత పెద్ద చుక్కలు నూనె తేలిక వల్ల పైకి చేరి తెల్లని పొరగా నిలుస్తాయి. మొదట్లో ఆ పొరను చూసి, ఎమల్షన్ విరిగిందనుకుని రెండు సీసాలు పారబోశాను. మూడోదాన్ని పారబోయబోతూ మెల్లగా తలకిందులు చేస్తే, చుక్కలన్నీ చెక్కుచెదరకుండా నీటిలో మళ్లీ పరుచుకున్నాయి.