మెక్సికో బండి మీది పండ్లు మా వంటింట్లో

లాస్ ఏంజెలెస్‌లో మేము మొదట అద్దెకున్న ఇంటికి నాలుగు వీధుల అవతల, ఒక లాండ్రీ ముందు, రంగురంగుల పెద్ద గొడుగు కింద పండ్ల బండి ఒకటి నిలబడేది. దాని అద్దాల పెట్టెలో మంచు ముక్కల మీద పుచ్చకాయ, బొప్పాయి, అనాస, మామిడి, కీరదోస, వాటి పక్కన పచ్చి ముల్లంగిలా తెల్లగా మెరిసే, నేను పేరెరుగని దుంప ఒకటి ఉండేవి. బండి నడిపే పెద్దావిడ మనం చూపించిన పండును పెద్ద కత్తితో వేలెడు పొడవు ముక్కలుగా కోసి, ప్లాస్టిక్ గ్లాసులో నిలువుగా కూర్చి, నిమ్మకాయ పిండి, ఎర్రటి పొడి చల్లి, ఫోర్కు గుచ్చి ఇచ్చేది. చల్లే ముందు ఒక్క క్షణం ఆగి ‘కోన్ తోదో?’ అని అడిగేది. ‘అన్నీ వేయమంటారా?’ అని దాని అర్థమని తెలియని రోజుల్లో కూడా నేను తల ఊపుతూనే ఉన్నాను, అందువల్ల నష్టపోయింది ఏమీ లేదు.

బడి గేటు దగ్గర జామకాయకు ఉప్పూకారం అద్దుకుని తిన్న వాడిని కనుక ఇందులో కొత్తేమీ లేదనుకున్నాను. ఆ ధీమాతోనే ఒక ఆదివారం ఇంట్లో పుచ్చకాయ కోసి, గుంటూరు కారంలో ఉప్పు కలిపి ధారాళంగా చల్లాను. మా అమ్మాయి ఒక ముక్క నోట్లో పెట్టుకుని, మాట్లాడకుండా పళ్ళెం నా వైపు జరిపి, ఫ్రిజ్‌లో పాలు వెతుక్కుంది. తెనాలిలో ఉన్న మా అమ్మ ఫోనులో విని, ‘పుచ్చకాయకు కారమేమిట్రా, నీకేం పోయేకాలం?’ అంది. ఆవిడ కోపంలో న్యాయం ఉంది. గట్టిగా, వగరుగా ఉండే జామకాయ మన కారాన్ని తట్టుకుంటుంది గాని, నీళ్ళతో నిండిన మెత్తటి పుచ్చకాయ తట్టుకోలేదు. అంతకంటే ముఖ్యంగా, ఆ బండి మీది పొడి కారమే కాదు. నాలుకకు మొదట తగిలేది పులుపు, ఆ వెంటనే ఉప్పు. మిరప వాటి వెనుక, వేడికంటే వాసనగా, నెమ్మదిగా వస్తుంది.

చాలా బండ్ల మీద కనిపించే పొడి పేరు తహీన్. మెక్సికోలోని హలీస్కో రాష్ట్రంలో 1985లో మొదలైన కంపెనీ తయారుచేసే ఆ సీసాలో ప్రధానంగా ఉండేవి ఎండు మిరపకాయలు, సముద్రపు ఉప్పు, ఎండబెట్టిన నిమ్మరసం. కొనుక్కుంటే పని తీరిపోతుంది, నేనూ కొంటాను. కాని ఇంట్లో చేసుకుంటే ఉప్పు మన చేతిలో ఉంటుంది, మిరప వాసన కూడా తాజాగా ఉంటుంది. అందుకు కావలసినది వాహీయో అనే మిరప. పొడవుగా, ముదురు ఎరుపుగా, నున్నటి దళసరి తొక్కతో ఉండే ఈ ఎండు మిరపలో రంగు ఎక్కువ, కారం తక్కువ. నాలుగైదు కాయల గింజలు దులిపి, సన్నని సెగ మీద పెనంపై అటూ ఇటూ అర నిమిషం చొప్పున మాత్రమే వేడిచేసి (నల్లబడితే చేదెక్కి ఎందుకూ పనికిరాదు), చల్లారాక మిక్సీలో పొడి చేయాలి. ఆ పొడి 3 పెద్ద చెంచాలకు ఒక పెద్ద చెంచా కల్లుప్పు, ఒకటిన్నర చిన్న చెంచాల నిమ్మ ఉప్పు, ఇష్టమైతే అర చెంచా అర్బోల్ అనే సన్నటి ఘాటు మిరప పొడి కలిపి, మరీ మెత్తగా కాకుండా బరకగా ఒక్కసారి తిప్పాలి. నాలుగు నిమ్మకాయల పైతొక్క పచ్చటి భాగం మాత్రం తురిమి ఎండబెట్టి కలిపితే వాసన నిలుస్తుంది. ఇక్కడి పొడిగాలికి ఆ తురుము ఒక్క రాత్రిలో ఎండుతుంది; విశాఖపట్నంలోనో కాకినాడలోనో ఉన్నవారు మాత్రం దాన్ని ఎండలో పెట్టవలసిందే. వాహీయో దొరకని చోట బ్యాడిగి మిరప చక్కగా సరిపోతుంది. ఆమ్‌చూర్ వేయవచ్చా అని ఒకరిద్దరు మిత్రులు అడిగారు. వేయవచ్చు, రుచిగానే ఉంటుంది, కాని అప్పుడది చాట్ అవుతుంది.

నిమ్మకాయ విషయంలో మాత్రం మన దేశంలో ఉన్నవారే అదృష్టవంతులు. మెక్సికోలో లిమోన్ అని పిలిచేది గుండ్రంగా, చిన్నగా, పలుచని తొక్కతో, గింజలతో ఉండే కాయ. మనం సంతలో డజన్ల లెక్కన కొనే నిమ్మకాయ కూడా ఆ జాతిదే. అమెరికా దుకాణాల్లో ఎక్కువగా దొరికే గింజల్లేని పెద్ద ఆకుపచ్చ కాయలో రసం ఉంటుంది గాని ఆ పరిమళం అంతగా ఉండదు. అందుకని నేను మెక్సికన్ల దుకాణానికి వెళ్ళి చిన్న కాయలే తెచ్చుకుంటాను. మన నిమ్మ వాళ్ళ గ్లాసులో ఎలా ఉందని ఆశ్చర్యపోతే, మామిడి మాటేమిటి? అదీ ఆసియా పండే. 1565 నుంచి 1815 వరకు మనీలాకూ అకపుల్కోకూ మధ్య తిరిగిన స్పానిష్ ఓడల వెంట అక్కడికి చేరిన మామిడిని ఇప్పటికీ మెక్సికోలో మనీలా మామిడి అనే పిలుస్తారు. మిరప, జామ, బొప్పాయి, అనాస అటు నుంచి మన వైపు వచ్చాయి. కాబట్టి మా అమ్మ కోపానికి నా జవాబు ఒకటుంది: కారం మనకిచ్చిన వాళ్ళే పుచ్చకాయ మీద చల్లుకుంటున్నారు.

ఆ తెల్లటి దుంప పేరు హీకమ. పుట్టిల్లు మెక్సికో. బెంగాలీలు శాంఖ్ ఆలూ అని పిలుస్తూ సరస్వతీ పూజకు ప్రసాదంలో పెట్టేది దీన్నే. పచ్చిదే తింటారు, ఆపిల్‌లా కరకరలాడుతుంది, తీపి లీలగా ఉంటుంది, సొంత రుచి తక్కువ కనుక నిమ్మనూ ఉప్పునూ బాగా పట్టించుకుంటుంది. పైన బెండులాంటి తొక్కనే కాక దాని కింద నారపొరను కూడా తీసేయాలి, లేకపోతే పళ్ళలో ఇరుక్కుంటుంది.

కోత గురించి రెండు మాటలు చెప్పాలి, ఎందుకంటే నా రెండో వైఫల్యం అక్కడే. ఫ్రూట్ సలాడ్ అలవాటుతో చిన్న చిన్న ముక్కలు కోశాను. పావుగంటలో గిన్నె అడుగున నీళ్ళు తేలి, పొడి అంతా కొట్టుకుపోయింది. ఉప్పు తగలగానే పండు నీరు వదులుతుంది, ముక్క ఎంత చిన్నదైతే అంత త్వరగా వదులుతుంది. వేలంత లావు, వేలంత పొడవు ముక్కలైతే లోపల కరకరగా మిగిలి, ఉప్పూపులుపూ పైపైన నిలుస్తాయి. అందుకని పండ్లను, దోసను, హీకమను ముందే కోసి గంటసేపు ఫ్రిజ్‌లో ఉంచి, తినేవాళ్ళు కూర్చున్న తరువాతే ముందు నిమ్మరసం పిండి, ఆ తడి మీద పొడి చల్లాలి. వరుస తిరగేస్తే రసం పొడిని కడిగేస్తుంది. మామిడి పూర్తిగా మగ్గకుండా, వేలితో నొక్కితే కొంచెం మాత్రమే లొంగేలా ఉండాలి. ఇక్కడ హనీ మ్యాంగో పేరుతో అమ్మే పసుపుపచ్చ అతావుల్ఫో కాయలు, అక్కడైతే దోరగా ఉన్న కలెక్టరు కాయలు ఇందుకు పుట్టినట్టే ఉంటాయి. బంగినపల్లిని దయచేసి వదిలేయండి, దానికి ఏ అలంకారమూ అక్కరలేదు. మామిడికాయకు పుల్ల గుచ్చి పూరేకుల్లా చెక్కడం బండి దగ్గర చూడముచ్చటగా ఉంటుంది గాని, నేను ప్రయత్నించిన రెండు సార్లూ టెంక దగ్గర కత్తి జారింది, మళ్ళీ జోలికి పోలేదు.

‘అన్నీ’ అంటే అందులో చమోయ్ కూడా ఉంటుంది. ఇది ఉప్పు, పులుపు, తీపి, కారం నాలుగూ ఉన్న చిక్కటి ఎర్రటి ద్రవం. ఆసియా నుంచి వచ్చిన ఉప్పులో ఊరబెట్టి ఎండబెట్టిన పండ్ల నుంచి మెక్సికోలో రూపుదిద్దుకున్నదని చెబుతారు. సీసాల్లో దొరికే వాటిలో కొన్ని నాకు రంగు నీళ్ళలా అనిపించాయి, కనుక దీన్ని మాత్రం ఇంట్లోనే చేయమంటాను. ఒక కప్పు ఎండు ఆప్రికాట్లు, పావు కప్పు ఎండు హమైకా పువ్వు, పావు కప్పు పంచదార, 3 కప్పుల నీళ్ళు కలిపి సన్నని సెగ మీద అరగంట ఉడికించి, చల్లారాక 2 చిన్న చెంచాల ఉప్పు, 3 చిన్న చెంచాల వాహీయో పొడి, పావు కప్పు నిమ్మరసం చేర్చి మెత్తగా రుబ్బి వడకట్టడమే. మెక్సికన్ దుకాణంలో హమైకా అని సంచుల్లో అమ్మే ఆ ఎర్రటి పువ్వు ఏమిటో మొదటిసారి నోట్లో వేసుకున్నప్పుడే అనుమానం వచ్చింది. అది ఎర్ర గోంగూర మొక్కదే, కాయను చుట్టుకుని ఉండే కండగల రక్షకపత్రాలు. మనం ఆకు తింటే వాళ్ళు పువ్వు తింటున్నారు! ఈ సంగతి చెప్పాక మా అమ్మ మెక్సికో మీద కొంత మెత్తబడింది.

ఊరు మారితే గ్లాసు కూడా మారుతుంది. గ్వాదలహారాలో పీకో దె గాయో అంటే మనకు తెలిసిన టమాటా ఉల్లిపాయల పచ్చడి కాదు, హీకమ, నారింజ, దోస ముక్కల మీద మిరపపొడి చల్లినది. మొరేలియాలో గాస్పాచో పేరుతో మామిడి, అనాస, హీకమలను సన్నగా తరిగి, నారింజ రసం పోసి, మిరపపొడితో పాటు తురిమిన ఉప్పటి జున్ను, కొందరు ఉల్లిపాయ కూడా వేస్తారు. జున్ను దగ్గర నేను చాలాకాలం వెనుకాడాను. చివరికి పనీర్‌ను ఉప్పులో నొక్కి, నీరు ఓడ్చి తురిమి చల్లాను. ఆ ఉప్పటి పొడిపొడి రుచి అనాసతో బాగా కుదిరింది, ఉల్లిపాయను మాత్రం ఇప్పటికీ వేయలేదు. మీగడ, అటుకుల్లాంటి గ్రనోలా వేసే బియోనికో కూడా ఉంది గాని, అది తీపి తినేవాళ్ళది.

ఇంత జాగ్రత్తగా వరుస పాటించినా చివరకు గ్లాసు అడుగున గుక్కెడు రసం మిగులుతుంది: పుచ్చకాయ నీరు, నిమ్మ, ఉప్పు, కరిగిన మిరప. బండి దగ్గర పిల్లలు గ్లాసు ఎత్తి దాన్ని తాగడం చూశాను. మొదటిసారి పళ్ళెం తోసేసిన మా అమ్మాయి ఇప్పుడు ఆ గుక్కెడు తన కోసం ఉంచమని ముందే చెబుతుంది.