ఎలుక గుండె, క్వెర్సెటిన్, 16 వారాలు: నా అనుభవం

కొవ్వు మేత తిని లావెక్కిన ఎలుకకు క్వెర్సెటిన్ (ఉల్లిపాయల్లో ఉండే పదార్థం) లాంటి యాంటీఆక్సిడెంట్ ఇస్తే గుండె పరీక్షలు మెరుగ్గా వస్తాయి. ఆ మెరుగు మందు వల్లనా, మందు తాగాక ఎలుక మేత తగ్గించడం వల్లనా అని తేల్చడానికే నా శ్రమలో ముప్పాతిక పోయింది. ఎం.ఫార్మ్, పీహెచ్‌డీలలో ఇదే పని ఎత్తుకోబోయేవాళ్లకు ఉపయోగపడుతుందని రాస్తున్నాను.

ముందు, మనం కొలవబోయే నష్టం ఏమిటో చూద్దాం. ఊబకాయంలో గుండె కండరానికి కొవ్వు ఆమ్లాలు దాని అవసరానికి మించి అందుతాయి. మైటోకాండ్రియా వాటిని కాల్చేటప్పుడు కొన్ని ఎలక్ట్రాన్లు జారిపోయి ఆక్సిజన్‌కు అంటుకుంటాయి, సూపరాక్సైడ్ అనే ఫ్రీ రాడికల్ (కణానికి హాని చేసే చురుకైన అణువు) పుడుతుంది. అది నైట్రిక్ ఆక్సైడ్‌తో కలిసి పెరాక్సీనైట్రైట్‌గా మారుతుంది, దాంతో రక్తనాళాలు సడలే గుణం తగ్గుతుంది. మైటోకాండ్రియా లోపలి పొరలోని కార్డియోలిపిన్ అనే కొవ్వు కూడా పాడవుతుంది. నెలల తరబడి ఇదే సాగితే కండరం మందమై, మధ్య మధ్య కొల్లాజెన్ పేరుకుని, గుండె సరిగా సడలక నిండదు. క్వెర్సెటిన్ స్వయంగా రాడికల్స్‌ను పట్టుకోవడం కన్నా, ఎన్‌ఆర్‌ఎఫ్2 (రక్షక జన్యువులను పనిలోకి దింపే ప్రొటీన్) దారిని తట్టిలేపి కణం సొంత రక్షక ఎంజైములను పెంచడమే ముఖ్యమని నా అభిప్రాయం. నోటి ద్వారా ఇచ్చినది రక్తంలోకి చేరేది చాలా కొంచెమే కదా.

జంతు నైతిక సంఘం అనుమతి లేకుండా ఒక్క ఎలుకనూ తెప్పించకూడదు. ఆ అనుమతి కోరే దరఖాస్తు ఫారం బి లో గుంపుల సంఖ్య, ఒక్కో గుంపులో ఎన్ని ఎలుకలు, ఎందుకు అన్ని అనేది లెక్కతో సహా రాయాలి.

మేత దగ్గరే మొదటి పొరపాటు జరుగుతుంది. మామూలు పెల్లెట్లు తినే ఎలుకలను కంట్రోల్‌గా (పోల్చి చూసే గుంపుగా) పెట్టకండి. వాటిలో పీచు, సోయా ఐసోఫ్లేవోన్లు ఉంటాయి, ఆ ఐసోఫ్లేవోన్లూ యాంటీఆక్సిడెంట్లే. రెండు మేతలూ ఒకే రకం శుద్ధి చేసిన దినుసులతో చేసినవై ఉండాలి: ఒకదానిలో 10 శాతం కేలరీలు కొవ్వు నుంచి, రెండోదానిలో 60 శాతం. మొదటిది గ్రాముకు సుమారు 3.85 కిలోకేలరీలు, రెండోది 5.2. అందుకే కొవ్వు గుంపు తక్కువ గ్రాములు తింటున్నట్టు కనిపించినా కేలరీలు ఎక్కువే. కొవ్వు మేతను ఫ్రీజర్‌లో ఉంచి, బోనులో మాత్రం 2–3 రోజులకొకసారి మార్చాలి. చెడిన నూనె వాసన వస్తోందంటే అందులో అప్పటికే పెరాక్సైడ్లు ఉన్నట్టే. అది తినిపించి గుండెలో ఆక్సీకరణ ఒత్తిడి పెరిగిందని రాస్తే ఆ మాటకు విలువ లేదు.

నేను వాడిన విస్టార్ అనే ల్యాబ్ జాతి ఎలుకలన్నీ ఒకేలా లావెక్కవు, కొన్ని అసలు పెరగవు. అందుకే మొదటి 8 వారాలూ మేత మాత్రమే పెట్టి, తర్వాత బరువులు సమంగా వచ్చేలా గుంపులు విడదీశాను. మందు చివరి 8 వారాలే. ఇది నివారణ కాదు, అప్పటికే మొదలైన నష్టాన్ని ఆపగలదా అనే పరీక్ష. శీర్షికలోనే ఆ తేడా తెలియాలి.

క్వెర్సెటిన్ నీటిలో కరగదు. 0.5 శాతం సీఎంసీలో (కార్బాక్సీమిథైల్ సెల్యులోజ్, నీటిని చిక్కబరిచే పదార్థం) మిల్లీలీటరుకు 10 మిల్లీగ్రాముల చొప్పున కలిపి, కిలోకు 50 మిల్లీగ్రాముల మోతాదులో గొట్టంతో కడుపులోకి పోశాను. 400 గ్రాముల ఎలుకకు 2 మిల్లీలీటర్లు. పొడి నిమిషాల్లో అడుగుకు దిగిపోతుంది కాబట్టి ప్రతి సిరంజికీ ముందు కలిపి తీరాలి, లేకపోతే చివరి ఎలుకకు రెండింతల మందు వెళ్తుంది. మిగతా గుంపులన్నింటికీ అదే పరిమాణంలో ఉత్త సీఎంసీ పోయాలి. గొట్టం దింపడమే ఎలుకకు ఒత్తిడి.

ఇక అసలు గుంపు: జత మేత. మందు తాగిన ఎలుకలు నిన్న ఎంత కొవ్వు మేత తిన్నాయో తూచి, మందు తాగని ఇంకో గుంపుకు ఈరోజు అంతే పెట్టాలి. వీటిని ఒక్కొక్కటిగా వేరు బోన్లలో ఉంచక తప్పదు. అప్పుడు మందు గుంపునూ అలాగే ఉంచాలి. పెట్టిందంతా ఒక్కసారే తినేసి మిగతా రోజంతా పస్తుంటాయి, పస్తు వల్ల గుండె ఇంధనమే మారిపోతుంది. రోజు మేతను రెండు భాగాలు చేసి, పెద్ద భాగం చీకటి పడే ముందు పెడితే ఈ ఇబ్బంది చాలావరకు తగ్గింది. బోను అడుగున రాలిన ముక్కలను కూడా తూచాలి. విసుగు పుట్టించే పనే, కానీ ఈ గుంపు లేని పేపర్‌ను నేను నమ్మలేను.

గుండె తీసిన రోజు చల్లని సెలైన్‌తో రక్తం పూర్తిగా కడగాలి, హిమోగ్లోబిన్ మిగిలితే రంగు పరీక్షలు చెడతాయి. గుండె బరువును శరీర బరువుతో భాగించవద్దు. లావెక్కిన ఎలుకలో హారం పెరిగి, పెరిగిన గుండె కూడా చిన్నదిగా కనిపిస్తుంది. కాలి ఎముక టిబియా పొడవుతో భాగించండి.

కొవ్వు ఎంత ఆక్సీకరణ చెందిందో రంగుతో చెప్పే టీబార్స్ పరీక్షలో నా మొదటి బ్యాచ్ మొత్తం పోయింది. మైటోకాండ్రియా కోసం సుక్రోజ్ బఫర్‌లో నూరిన నమూనానే దీనికీ వాడాను. సుక్రోజ్ కూడా ఈ పరీక్షలో వాడే టీబీఏతో (థయోబార్బిట్యూరిక్ ఆమ్లం) రంగు ఇస్తుంది, నమూనా వేయని, బఫర్ మాత్రమే ఉన్న గొట్టమే గులాబీ రంగుకు తిరిగింది. తర్వాత 1.15 శాతం పొటాషియం క్లోరైడ్‌లో గుండె ముక్కను నూరి 10 శాతం హోమోజినేట్ చేసి, నూరేటప్పుడే బీహెచ్‌టీ (ఆక్సీకరణను ఆపే పదార్థం) కలిపాను. అది లేకపోతే 95 డిగ్రీల దగ్గర ఉడికే గంటలో కొత్తగా కొవ్వు ఆక్సీకరణ చెందుతుంది. 0.2 మిల్లీలీటర్ల నమూనా, అంతే పరిమాణంలో 8.1 శాతం ఎస్‌డీఎస్ (ఒక డిటర్జెంట్), 1.5 మిల్లీలీటర్ల 20 శాతం ఎసిటిక్ ఆమ్లం (పీహెచ్ 3.5), 1.5 మిల్లీలీటర్ల 0.8 శాతం టీబీఏ, నీటితో మొత్తం 4 మిల్లీలీటర్లకు. చల్లారాక 1 మిల్లీలీటరు నీరు, 5 మిల్లీలీటర్ల బ్యూటనాల్–పిరిడిన్ (15:1) పోసి, ఫ్యూమ్ హుడ్‌లోనే కలిపి, సెంట్రిఫ్యూజ్ చేసి, పై పొరను 532 నానోమీటర్ల దగ్గర చదవాలి. కణం సొంత యాంటీఆక్సిడెంట్ అయిన గ్లూటాథయోన్‌ను కొలవడానికి వేరే ముక్క ఉంచుకుని వెంటనే ఆమ్లంలో నూరండి, ఆలస్యమైతే అది తనంతట తానే ఆక్సీకరణ చెందుతుంది.

మా అమ్మ తరం వాళ్లు "అయితే ఏ మాత్ర వేసుకోమంటావు?" అని అడుగుతారు. ఎలుక మోతాదును మనిషికి మార్చాలంటే 6తో గుణించి 37తో భాగించాలి (శరీర ఉపరితలాన్ని బట్టి ఎలుకకు, మనిషికి వాడే గుణకాలవి): కిలోకు 50 కాస్తా 8.1 అవుతుంది, 60 కిలోల మనిషికి సుమారు 490 మిల్లీగ్రాములు. 100 గ్రాముల ఉల్లిపాయల్లో రకాన్ని బట్టి ఉండేది కొన్ని పదుల మిల్లీగ్రాములే. పైగా విటమిన్ ఇ విషయంలో జరిగింది మర్చిపోలేను: గుండెజబ్బు ముప్పున్న వేలమందికి రోజూ 400 యూనిట్లు ఇచ్చిన హోప్ పరీక్ష 2000లో లాభమేమీ చూపలేదు, అదే పరీక్ష పొడిగింపులో 2005 నాటికి మాత్ర వేసుకున్నవాళ్లలో గుండె వైఫల్యం కాస్త ఎక్కువగా కనిపించింది. కాబట్టి నేను ఎవరికీ మాత్ర చెప్పను. ఉల్లిపాయ, ఉసిరికాయ, ఆకుకూరలు తినమంటాను. నా జత మేత ఎలుకల పట్టికను చూపించి, ముందు కంచంలో నూనె కొలత తగ్గించమంటాను.