మర్రిగూడ నీళ్లు, జొన్నరొట్టె, చింతపండు

మా నల్లగొండ జిల్లాలో ఫ్లోరోసిస్ (ఒంట్లో ఫ్లోరైడ్ ఎక్కువై ఎముకలు, పళ్లు దెబ్బతినే జబ్బు) మాట వస్తే అందరూ నీళ్లనే తప్పుపడతారు. తాగునీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు మించరాదని మన దేశ ప్రమాణాలు చెబుతున్నా, మర్రిగూడ ప్రాంతంలో గ్రానైటు రాతిపొరల నుంచి తోడిన బోరునీళ్లు ఎన్నో ఏళ్లపాటు ఆ హద్దును దాటుతూనే వచ్చాయి.

అయితే ఒకే బోరు నీళ్లు తాగినవారందరికీ జబ్బు ఒకే తీరుగా రాలేదు. మండుటెండలో కూలిపని చేసేవారు ఎక్కువ నీళ్లు తాగుతారు కనుక వారి ఒంట్లోకి ఫ్లోరైడ్ కూడా ఎక్కువగానే చేరుతుంది. పాలు, పెరుగు అందక కాల్షియం తక్కువైన పిల్లల ఎముకలు మరింత త్వరగా దెబ్బతింటాయి. 1970లలో హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు మా జిల్లాలో మోకాళ్లు లోపలికి వంగిపోయిన యువకులను పరిశీలించారు. జొన్న ప్రధానాహారమైతే శరీరంలో ఫ్లోరైడ్ ఎక్కువగా నిలుస్తుందని కూడా ఆ సంస్థ పరిశోధనలో తేలింది. జొన్నరొట్టెను ఇంత ఇష్టంగా తినే నాకు ఈ మాట రుచించలేదు, కానీ దోషం రొట్టెది కాదు, ఆ నీళ్లది. చింతపండు తిన్న బడిపిల్లల మూత్రంలో ఫ్లోరైడ్ ఎక్కువగా బయటకు పోయిందని అదే సంస్థ తర్వాత గమనించింది; మా పచ్చిపులుసుకు ఇంతకన్నా గౌరవం ఏం కావాలి!

ఇప్పుడు మిషన్ భగీరథ ద్వారా కృష్ణా జలాలు నల్లాల్లో వస్తున్నాయి. వంగిన ఎముకలను అవి తిరిగి నిటారు చేయలేవు. అందుకే అంగన్‌వాడీలో గుడ్డు, పాలు సక్రమంగా అందుతున్నాయా అన్నదే ఇక నేను ముందుగా అడిగే ప్రశ్న.