ఈ అలారం మోగితే నన్నేం చేయమంటావు?

తెల్లవారుజామున మూడు గంటలకు, సౌదీలోని జుబైల్‌లో మా ప్లాంటు కంట్రోల్ రూములో, ఫిలిప్పీన్స్ నుంచి వచ్చిన ఒక పెద్ద ఆపరేటర్ నన్ను తన తెర ముందుకు పిలిచి అడిగారు: "ఈ అలారం మోగితే నన్నేం చేయమంటావు?" అది ఒక ట్యాంకు నీటిమట్టం అలారం. గంటలో 41 సార్లు మోగింది. ప్రతిసారీ చూడకుండానే నోరు నొక్కేశానని చెప్పారు. పక్కన నలుగురు ఉన్నారు. నా ముఖం చిన్నబోయింది.

ఆ అలారం పెట్టింది నేనే. ప్లాంటు కంట్రోల్ సిస్టం సిద్ధం చేసే మా పనిలో ఇప్పుడు కోడ్ రాయడం తక్కువ. తెర మీద ఫంక్షన్ బ్లాకులు, అంటే ఒక్కో పని చేసే రెడీమేడ్ గడులు, పెట్టి, వాటి మధ్య గీతలు కలపడమే ఎక్కువ. ట్యాంకు నుంచి మట్టాన్ని బట్టి మారే 4–20 మిల్లీ ఆంపియర్ల కరెంటు సిగ్నల్ వస్తుంది. దాన్ని పోల్చే బ్లాకుకు కలిపి 80 శాతం అని రాస్తే చాలు, మట్టం అది దాటగానే మోత. రెండు నిమిషాల పని. అందుకే ప్రతి పంపుకూ, ప్రతి వాల్వుకూ పెట్టుకుంటూ పోయాను. ఏదీ కన్ను దాటిపోకూడదన్న తాపత్రయమే తప్ప నిర్లక్ష్యం కాదు. ఆ మాట చెబుదామంటే గొంతు పెగల్లేదు.

గదికి వెళ్లినా నిద్ర పట్టలేదు. విశాఖలో నేను పని నేర్చుకున్న చోట గోడకు పాత అలారం ప్యానెల్ ఉండేది, వెలిగే చిన్న చిన్న గడులతో. ఒక్కో గడికీ వైరు లాగాలి, రిలే అనే కరెంటు స్విచ్చు కావాలి. కొత్తది అడిగితే మా పెద్దాయన "ఇది వెలిగితే ఎవరు ఏం చేయాలి బాబూ?" అనేవారు. అదే ప్రశ్న! కానీ చేతికి టీ గ్లాసిచ్చి, పక్కన కూర్చోబెట్టుకుని అడిగేవారు. గడులు చాలక అలా అంటున్నారనుకున్నాను అప్పట్లో. ఇక్కడ గడుల కరువు లేదు, దాంతో ప్రశ్నే మరిచిపోయాను.

1994 జూలై 24న వేల్స్‌లోని మిల్‌ఫర్డ్ హేవెన్ రిఫైనరీలో పేలుడుకు ముందు, చివరి 11 నిమిషాల్లో ఇద్దరు ఆపరేటర్ల మీద 275 అలారాలు వచ్చి పడ్డాయి. శిక్షణలో విన్న సంగతే. ఆ రాత్రి గుర్తొచ్చి ఒళ్లు జలదరించింది.

అనుమతులు వచ్చాక మార్పులు మొదలుపెట్టాను. నీరు అలలాడి మట్టం 80 దగ్గర పైకీ కిందకీ ఊగుతోంది, మోతంతా అందుకే. 2 శాతం డెడ్‌బ్యాండ్ ఇచ్చాను: ఒకసారి మోగితే 78 కిందకు దిగేదాకా అలారం తొలగదు. మట్టం 80 పైన పది సెకన్లు నిలిస్తేనే మోగేలా టైమర్ బ్లాకు చేర్చాను. ప్రవాహం తగ్గిందనే అలారానికి, రెండు షరతులూ కలిస్తేనే ఔననే ఆండ్ బ్లాకు పెట్టాను, పంపు నడుస్తుంటేనే అది పలకాలి. తర్వాత జాబితా పట్టుకుని ఆ ఆపరేటర్ దగ్గరికే వెళ్లాను. మూడు రాత్రులు ఒక్కో అలారానికీ తన చేతులు ఏం చేస్తాయో చెప్పారు. ఏమీ చేయనక్కర్లేని వాటిని తీసేయడానికి రాసి పెట్టాను. ఆ మొదటి ప్రశ్న నలుగురిలో కాకుండా అడిగి ఉండాల్సిందని ఇప్పటికీ అనిపిస్తుంది.

నిన్న రాత్రి ట్యాంకు అలారం ఒక్కసారే మోగింది. ఆయన తెర వైపు వంగి మట్టం చూసి, నీళ్లు వచ్చే వాల్వు మూసేశారు.