సర్వైవల్ కత్తిని రాక్‌వెల్ మెషీన్ కింద పెడితే

మా బావమరిది ఒక సర్వైవల్ కత్తి కొన్నాడు, అడవిలో చిక్కుకుంటే పనికొస్తుందని అమ్మే రకం. దానికి లేని హంగు లేదు. వెన్ను మీద రంపం పళ్ళు, పిడి చివర దిక్సూచి, పిడి మూత తిప్పితే లోపల అగ్గిపుల్లలు, గాలం, దారం. పలకకు నల్ల పూత. వద్దురా అన్నాను. అయినా కొన్నాడు, కొని నేరుగా నా దగ్గరికే తెచ్చాడు. "బావా, స్టీలు సంగతి నీకే కదా తెలిసేది, కాస్త చూసి చెప్పు" అని. వాడుండేది బెంగళూరు మారతహళ్ళిలో. శుక్రవారం సాయంత్రం అయితే చాలు, ఏదో ఒక కొండ దారి పడతాడు.

నేను పీణ్యలో టూల్‌రూమ్‌లో పనిచేస్తాను. ప్రెస్ టూళ్ళకు పంచులు, డైలు చేస్తాం. డీ2, ఈఎన్31, ఓహెచ్ఎన్ఎస్ అనే స్టీలు రకాల పేర్లే పొద్దస్తమానం నోట్లో నానుతుంటాయి. కాబట్టి నా కంటికి కత్తి కూడా ఒక కటింగ్ టూలే. దేన్ని కొయ్యాలి, స్టీలు ఏది, హార్డ్‌నెస్ (గట్టిదనం) ఎంత, అంచు ఏ కోణంలో ఉంది అన్నవి తేలితే మిగతాదంతా అలంకారం.

సరే, ముందు లోహం గట్టిదనం కొలిచే మెషీన్ మీద పెట్టాను. రాక్‌వెల్ సి స్కేలులో చిన్న వజ్రపు మొనను 150 కిలోల బరువుతో లోహంలోకి నొక్కుతారు. ఎంత లోతు దిగిందన్న దాన్నిబట్టి అంకె వస్తుంది. లోతు తక్కువైతే అంకె పెద్దది. కత్తిని ఎలా పడితే అలా పెట్టి నొక్కితే లెక్క తప్పుతుంది. అంచు వైపు వాలుగా ఉంటుంది కదా, అక్కడ పలక సమంగా కూర్చోదు. పిడిని ఆనుకుని రెండు పక్కలా చదునుగా ఉన్న చోటు వెతికి, నల్ల పూత గీకేసి, నొక్కాను. 46. కాస్త పక్కకు జరిపి నొక్కినా దాదాపు అదే. మేం చేసే పంచులు 58 నుంచి 60 మధ్య ఉంటాయి. 46 అంటే స్ప్రింగుకు పనికొచ్చే అంకె. ఆ అంచు ఉల్లిపాయ కోస్తుంది, ఎండు వెదురు తగిలితే మడత పడుతుంది.

"మళ్ళీ హార్డెనింగ్ చేయించలేవా బావా?" అన్నాడు. చేయించొచ్చు. పలక మీద 420 అని కొట్టి ఉంది, అదొక స్టెయిన్‌లెస్ స్టీలు రకం. అది నిజమే అయితే వెయ్యి డిగ్రీలు దాటించి ఆయిల్‌లో ముంచితే 50 దాటుతుంది. కానీ ఆ బోలు పిడిని ఏం చేసుకుంటాం? దాని కథ తర్వాత చెబుతాను.

నా కత్తి మోరా కంపానియన్. స్వీడన్‌లో మోరా అనే ఊరి పేరు మీద వచ్చింది. పది సెంటీమీటర్ల పైచిలుకు పలక, రెండున్నర మిల్లీమీటర్ల మందం, ప్లాస్టిక్ పిడి, ప్లాస్టిక్ ఒర. చూస్తే వంటింటి కత్తికి తమ్ముడిలా ఉంటుంది, ఫొటోలో ఎవరూ రెండోసారి చూడరు. మెషీన్ మాత్రం 57 చూపించింది. నాకు పడ్డ ధర మా వాడు వేసుకునే ట్రెక్కింగ్ షూ ధరకు దరిదాపుల్లో కూడా లేదు.

ఇక అసలైన ఆశ్చర్యం మా మామయ్య మచ్చుకత్తి. ఆయన తోట గౌరిబిదనూరు దగ్గర. ఊరి కమ్మరి లారీ కమాను పట్టీతో కొట్టిచ్చాడు. మా లెక్కలో ఆ స్టీలు ఈఎన్45, సిలికాన్ మాంగనీస్ రకం. అంచుకు దగ్గరగా, వాలు మొదలయ్యే చోట నొక్కితే 53. వెన్ను దగ్గర 30 కూడా కష్టంగా వచ్చింది. అంటే కమ్మరి కత్తి మొత్తాన్ని ముంచలేదు, అంచు మేరకే కాల్చి నీళ్ళలో ముంచాడు. అంచు గట్టిగా ఉంటుంది, ఒళ్ళు మెత్తగా ఉండి దెబ్బ తట్టుకుంటుంది, విరగదు. మా హీట్ ట్రీట్‌మెంట్ చూసే పెద్దాయన ఆ రెండు అంకెలూ చూసి, ఈ కమ్మరిని రేపే డ్యూటీలో చేర్చుకుందాం అన్నాడు. మెషీన్ లేదు, ఫర్నేస్ లేదు, వేడి కొలిచే థర్మోకపుల్ లేదు. కాలిన ఇనుము రంగు చూసి చేసిన పని అది.

మీ దగ్గర రాక్‌వెల్ మెషీన్ ఉండదు, ఉండక్కర్లేదు. మంచి ఆకురాయి ఒకటి తీసుకుని పిడికి దగ్గర, పనికి రాని చోట, తేలిగ్గా ఒక్కసారి తోయండి. గాజు మీద జారినట్టు జారిపోతే కత్తి గట్టిది. పట్టుకుని పొడి రాలిస్తే మెత్తది. షాపువాడు ఒప్పుకోడు, కొన్నాకే చేయాలి.

కోత పరీక్షలు మామయ్య తోటలోనే చేశాను, అడవిలో కాదు. దీనికి కారణముంది, ట్రెక్కింగ్ గ్రూపుల్లో ఈ మాట ఎవరూ ఎత్తరు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం ముందస్తు రాతపూర్వక అనుమతి లేకుండా అభయారణ్యంలోకి ఆయుధం తీసుకెళ్ళకూడదు. ఆ చట్టంలో ఆయుధం అంటే ఏమిటో చెప్పిన చోట కత్తులు కూడా ఉన్నాయి. మా వాడు కలలు కనే కుమార పర్వతం పుష్పగిరి అభయారణ్యంలో ఉంది. రామనగర దగ్గరి రామదేవర బెట్ట రాబందుల అభయారణ్యం. బన్నేరుఘట్ట నేషనల్ పార్క్. మన బెంగళూరు వాళ్ళు వారాంతాల్లో వెళ్ళే చోట్లలో చాలా వాటికి సర్వైవల్ కత్తి ఇంట్లో పెట్టి వెళ్ళాల్సిందే. ఆయుధాల చట్టం సంగతి వేరు. 2016 రూల్స్ ప్రకారం 9 అంగుళాలకు మించిన పొడవో, 2 అంగుళాలకు మించిన వెడల్పో ఉన్న పలకలు ఆయుధాల జాబితాలోకి వస్తాయి. ఇంటి పనికి, వ్యవసాయానికి, పరిశ్రమకు చేసినవి అందులోకి రావు. మామయ్య మచ్చుకత్తి తోటలో ఉన్నంతకాలం దానికి ఏ భయమూ లేదు.

తోటలో ముందు గుమ్మడికాయ కోశాం. నవ్వకండి. సర్వైవల్ కత్తి మందం ఐదు మిల్లీమీటర్ల పైమాట. అది కొయ్యదు, మేకులా దిగి పగలగొడుతుంది. మోరా చప్పుడు లేకుండా దిగింది. తర్వాత ఎండు సరుగుడు పుల్ల. మంట రాజేయడానికి పుల్ల మీద సన్నటి పొరలు చెక్కి, రాలిపోకుండా పుల్లకే వదిలేస్తారు. ఎండు సరుగుడు రాయిలా ఉంటుంది కాబట్టి అంచు సత్తా వెంటనే బయటపడుతుంది. మోరా చెక్కిన పొరలు ఉంగరాలు తిరిగాయి. రెండోది తొలి పొర నుంచే చిట్లు చిట్లుగా లేచింది. కాసేపటికి దాని అంచును వెలుతురుకు ఎదురుగా పట్టి చూస్తే తెల్లటి గీత మెరిసింది. పదునున్న అంచు వెలుతురును తిప్పికొట్టదు, కనబడదు. గీత కనబడిందంటే అక్కడ అంచు మడత పడిందనే.

రంపం పళ్ళు మరీ అన్యాయం. రంపంలో పళ్ళు ఒకటి కుడికి, ఒకటి ఎడమకు కాస్త వంచి ఉంటేనే కోసిన గాడి వెడల్పై పలకకు దారి దొరుకుతుంది. ఈ కత్తి పళ్ళు తిన్నగా ఉన్నాయి. బొటనవేలి లావు కొమ్మలో సగం కూడా పోకుండా బిగుసుకుంది. పైగా ఆ పళ్ళ వల్ల వెన్ను మీద వేలు పెట్టి ఒత్తలేం. కొమ్మలే కొయ్యాలనుకుంటే తోట పనికి దొరికే మడత రంపం కొనుక్కోండి.

ఇప్పుడు పిడి కథ. కట్టె చీల్చడానికి పలకను కట్టె మీద ఆనించి వెన్ను మీద ఇంకో కట్టెతో కొడతారు. సరుగుడు మొద్దు మీద నాలుగు దెబ్బలు పడగానే మావాడి కత్తి పిడిలో ఆడటం మొదలైంది. విప్పి చూస్తే పలక పిడిలోకి రెండు సెంటీమీటర్లు కూడా దిగలేదు, ఒక నట్టు బిగించారంతే. మరి అగ్గిపుల్లలకూ గాలానికీ చోటు ఎక్కడి నుంచి వస్తుంది? నిజానికి కంపానియన్ పలక కూడా పిడి చివరిదాకా రాదు. ఆ కంపెనీలోనే అలా చివరిదాకా వచ్చేది గార్బెర్గ్ అనే మోడల్. నేను మొద్దులు చీల్చను, అందుకే దాని జోలికి పోలేదు. మొద్దు సంగతి మామయ్య చూసుకున్నారు. మచ్చుకత్తి ఒకసారి ఎత్తి వేశారు, రెండు ముక్కలు. "దీనికి అంత పరీక్ష దేనికయ్యా" అన్నారు.

దిక్సూచిని మామూలు దిక్సూచి పక్కన పెట్టి చూడండి. రెండు ముళ్ళకూ పొంతన కుదరదు. స్టీలు పక్కనే ఉంటే అయస్కాంతపు ముల్లు దాని వైపు లాగుతుందని స్కూల్లో చదివినదే. ఆ స్టీలు పిడికే దిక్సూచి అతికించారు.

మోరాలో నాకు నచ్చనిది ఒకటుంది. వెన్ను అంచులు గుండ్రంగా ఉంటాయి. నిప్పు రాజేసే లోహపు పుల్ల, ఫెర్రో రాడ్, గీకాలంటే వెన్ను తొంభై డిగ్రీల మూలలా ఉండాలి, లేకపోతే నిప్పురవ్వలు సరిగ్గా రాలవు. ఆ రవ్వల వేడి దాదాపు 3000 డిగ్రీలదాకా పోతుంది. లంచ్ టైమ్‌లో కత్తిని సర్ఫేస్ గ్రైండర్ మీద పెట్టి, నీళ్ళు వదులుతూ వెన్ను చదును చేశాను. ఇప్పుడు ఎండు కొబ్బరి పీచు చక్కగా అంటుకుంటోంది. అడవిలో మంట వేయడం కుదరదు, వేయకూడదు కూడా. స్టవ్ అంటించుకోవడానికే అది.

మడత కత్తుల్లో ఓపినెల్ 8 నంబరు నాకు ఇష్టం. ఎనిమిదిన్నర సెంటీమీటర్ల పలక, తిప్పి బిగించే రింగు. పిడి చెక్కది కాబట్టి వానలో తడిస్తే ఉబ్బి పలకను పట్టేస్తుంది, తెరవడానికి గోళ్ళు ఊడతాయి. పశ్చిమ కనుమల వానకు అది వద్దు.

మావాడి బ్యాగులో ఇంకా చాలా ఉన్నాయి. 0.1 మైక్రాన్ వాటర్ ఫిల్టర్ మంచి కొనుగోలు. బ్యాక్టీరియాను ఆపుతుంది, వైరస్‌ను ఆపదు. ఊళ్ళ పక్కన పారే నీళ్ళయితే మరిగించుకోవాల్సిందే. పాముకాటు కిట్టు మాత్రం తీసి చెత్తబుట్టలో వేశాను. అందులో చిన్న బ్లేడు, విషం పీల్చే రబ్బరు బుడ్డి ఉన్నాయి. కాటును కొయ్యకూడదు, పీల్చకూడదు, బిగించి కట్టకూడదు. కాలో చెయ్యో కదలకుండా చూసి, యాంటీవెనమ్ ఉన్న ఆసుపత్రికి చేర్చడమే. ఆ బరువుకు బదులు ఒక విజిల్, ఓఆర్ఎస్ ప్యాకెట్లు పెట్టుకోమన్నాను.

సాన గురించి ఒక మాట. మోరా అంచుకు ఒకటే వాలు, ఆ వాలును రాయి మీద పూర్తిగా ఆనించి రుద్దితే చాలు, కోణం కోసం తంటాలు పడక్కర్లేదు. వెయ్యి నంబరు రాయి ఒకటి ఉంటే ఏడాది గడిచిపోతుంది. వీధిలో చక్రం తిప్పుకుంటూ వచ్చే సాన ఆయనకు ఇస్తే నీళ్ళు చల్లుతూ పట్టమని చెప్పండి. పొడి చక్రం మీద అంచు వేడెక్కి నీలం తిరిగిందంటే అక్కడి హార్డ్‌నెస్ పోయినట్టే. ఆ నీలం అంతా అరగదీసి కింద మంచి స్టీలు తేలేదాకా ఆ కత్తికి పదును నిలవదు.