19,800 సెకన్లు: సర్వీసు పడిపోయినా హెల్త్ స్కోరు పచ్చగానే ఎందుకుంది (నా అనుభవం)

నిన్న రాత్రి సెట్టింగ్ దిద్దే చేంజ్ సర్వర్లలోకి వెళ్లింది, ఈ పొద్దున్నుంచి అంకెలు సరిగ్గా వస్తున్నాయి. వివరాలు మరిచిపోకముందే రాసి పెడుతున్నా. నానక్‌రాంగూడలో మా ఆఫీసు. బిల్లు చెల్లింపుల సర్వీసు మీద స్ప్లంక్ ఐటీఎస్ఐ పెట్టి (స్ప్లంక్ అంటే సర్వర్లు రాసుకునే లాగులను పోగుచేసి వెతికే సాఫ్ట్‌వేర్, ఐటీఎస్ఐ దాని మీద సర్వీసుల ఆరోగ్యం చూసే భాగం), సర్వర్ల లాగుల నుంచి కేపీఐలు, అంటే పనితీరు కొలతలు తీసి, సర్వీసు ఆరోగ్యాన్ని 0 నుంచి 100 లోపు ఒక్క స్కోరుగా చూపించడం నాకిచ్చిన పని.

సర్వీసుల చెట్టు (ఏది దేని మీద ఆధారపడుతుందో చూపే పటం) గీయడం ఒక పూట పని. ఎంటిటీలను (ఇక్కడ సర్వర్లు) సీఎస్‌వీ ఫైలుతో ఎక్కించేయొచ్చు. లాగులో హోస్ట్ పేరు పొట్టిగా, ఇన్వెంటరీలో పూర్తి డొమైన్‌తో ఉంటే మాత్రం రెండూ అలియాస్‌లుగా (మారుపేర్లుగా) ఇవ్వండి, లేకపోతే కేపీఐ ఎంటిటీకి అతకదు. నేను పెట్టినవి నాలుగు కేపీఐలు: రిక్వెస్టుల సంఖ్య, ఎర్రర్ శాతం, 95వ పర్సంటైల్ రెస్పాన్స్ టైమ్ (నూటికి 95 రిక్వెస్టులు ఎంతలోపు పూర్తవుతాయో), డేటాబేస్ కనెక్షన్ పూల్ వాడకం. మొదటి మూడూ ఒకే లాగులోవి కాబట్టి ఒకే బేస్ సెర్చ్ (కేపీఐలు పంచుకునే సెర్చ్) చాలు. విడివిడిగా రాస్తే ప్రతి 5 నిమిషాలకూ అదే డేటాను మూడుసార్లు తోడినట్టు.

ఎర్రర్ శాతం దగ్గర జాగ్రత్త. సర్వర్ల వారీగా శాతాలు తీసి వాటికి సగటు కట్టకండి. ఒక సర్వర్‌లో 10కి 5 ఫెయిలై, ఇంకోదానిలో 10,000కి 100 ఫెయిలైతే సగటు 25.5 శాతం అంటుంది. అసలు లెక్క 10,010కి 105, అంటే ఒక శాతం పైచిలుకు. మొత్తం ఎర్రర్లను మొత్తం రిక్వెస్టులతోనే భాగించాలి.

ఇంతవరకు బాగానే ఉంది. నెల మొదటి వారం, సాయంత్రం ఏడున్నర. చెల్లింపులు ఫెయిలవుతున్నాయని సపోర్ట్‌కి ఫోన్ల మీద ఫోన్లు. బ్రిడ్జ్ కాల్‌లో (అన్ని టీంలూ చేరే కాన్ఫరెన్స్ కాల్) నా స్క్రీన్ షేర్ చేశాను. హెల్త్ స్కోరు 98. ఎర్రర్ శాతం పచ్చ, రెస్పాన్స్ టైమ్ పచ్చ. "మీ దాంట్లో అంతా గ్రీనే ఉంది, ఇక్కడ మా ఫోన్లు ఆగట్లేదు. ఏది నమ్మాలి సార్?" అని సపోర్ట్ లీడ్ అడిగింది. ముప్పై మంది వింటున్నారు. నా దగ్గర జవాబు లేదు.

కాల్ అయ్యాక కేపీఐలన్నీ పక్కన పెట్టి పచ్చి లాగు తెరిచాను. గోడ గడియారం 8:40 చూపిస్తుంటే, ఫెయిలైన ఒక లావాదేవీ లైనులో టైమ్ 14:02:11 అని ఉంది. ఆ లావాదేవీ నిజంగా జరిగింది సాయంత్రం 7:32కి. ఐదున్నర గంటల తేడా చూడగానే విషయం అర్థమైంది.

అంతకు రెండు వారాల ముందు 12 సర్వర్లలో నాలుగింటి అప్లికేషన్‌ను ఒక్కొక్కటిగా కంటెయినర్లలోకి (మెషీన్ మీదే విడిగా నడిచే పెట్టెల్లాంటివి) మార్చారు. హోస్ట్ మెషీన్ గడియారం ఐఎస్‌టీలో (భారత కాలమానం) ఉంది, కంటెయినర్ లోపలిది యూటీసీ (ప్రపంచ ప్రామాణిక సమయం, మనకంటే ఐదున్నర గంటలు వెనక). లాగులో టైమ్ పక్కన జోన్ రాయలేదు. అలాంటప్పుడు స్ప్లంక్ ముందు ప్రాప్స్ కాన్ఫ్‌ అనే సెట్టింగుల ఫైలులో టీజెడ్ (టైమ్ జోన్) సెట్టింగ్ ఉందేమో చూస్తుంది, లేకపోతే ఫార్వర్డర్ (లాగులను స్ప్లంక్‌కి పంపే ప్రోగ్రాం) ఉన్న మెషీన్ జోన్ తీసుకుంటుంది. మా ఫార్వర్డర్ హోస్ట్ మీద ఉంది. అలా అప్పుడే జరిగిన ఈవెంట్ ఐదున్నర గంటల పాతదిగా ఇండెక్స్‌లో (స్ప్లంక్ డేటా నిల్వలో) పడింది. గత 5 నిమిషాలనే చూసే కేపీఐ కంట ఆ నాలుగు సర్వర్లూ పడనే లేదు. ఆ సాయంత్రం ఫెయిలైన లావాదేవీలన్నీ వాటిలోవే.

మరి రిక్వెస్టుల సంఖ్య తగ్గినప్పుడైనా అలర్ట్ రావాలి కదా? దానికి అడాప్టివ్ త్రెషోల్డ్ పెట్టాను. అది ప్రతి రాత్రీ గత 7 రోజుల డేటాతో హద్దులు తిరిగి లెక్కిస్తుంది. సర్వర్లు ఒక్కొక్కటీ మాయమవుతుంటే, ఆ తగ్గుదలే మామూలు స్థితి అని నేర్చుకుంది.

మీ దగ్గర ఇలా ఉందేమో చూడటానికి ఒక్క సెర్చ్ చాలు. టైమ్ రేంజ్ వెనక్కి 24 గంటలు, ముందుకు ఓ 6 గంటలు పెట్టి, ఇండెక్స్ టైమ్ (స్ప్లంక్‌లో చేరిన సమయం) ప్రకారం గత 15 నిమిషాల్లో చేరిన ఈవెంట్లను తీసుకోండి. ఇండెక్స్ టైమ్‌లోంచి ఈవెంట్ టైమ్ తీసేసి, హోస్ట్‌ల వారీగా మీడియన్ (మధ్య విలువ), గరిష్ఠం చూడండి. 19,800కి (ఐదున్నర గంటలకి సెకన్లు అన్నే) దగ్గరగా వస్తే అది ఐఎస్‌టీ, యూటీసీ గొడవే. మైనస్ 19,800 వస్తే అదే తప్పు తిరగేసి జరిగింది.

దిద్దడానికి మాత్రం మూడు రోజులు పట్టింది. ప్రాప్స్ కాన్ఫ్‌లోని హోస్ట్ స్టాంజాలో (ఆ సర్వర్లకే వర్తించే విభాగం) టీజెడ్ యూటీసీ అని ఒక్క లైను, అంతే. సోర్స్‌టైప్ స్టాంజాలో (ఆ రకం లాగులన్నింటికీ వర్తించే విభాగం) పెడితే ఐఎస్‌టీలో రాస్తున్న మిగతా ఎనిమిదీ చెడిపోతాయి. ప్లాట్‌ఫాం చూసే వెండర్ టీం దాన్ని యూనివర్సల్ ఫార్వర్డర్ (లాగులను పంపడానికే ఉన్న తేలికపాటి ఫార్వర్డర్) మీద పెట్టి టికెట్ మూసేసింది. మామూలు టెక్స్ట్ లాగుల టైమ్‌ను యూనివర్సల్ ఫార్వర్డర్ చదవదు, ఆ పని ఇండెక్సర్‌దో (డేటాను నిల్వచేసే స్ప్లంక్ సర్వర్) హెవీ ఫార్వర్డర్‌దో (పంపేముందే లాగులను చదివే రకం). చెబితే "మా వైపు సక్సెస్ వచ్చింది" అని జవాబు. చివరికి ఇండెక్సర్ మీద బీటూల్‌ను (ఏ సెట్టింగ్ ఏ ఫైలులో ఉందో చూపే స్ప్లంక్ కమాండ్) డీబగ్ ఆప్షన్‌తో నడిపించి, మా సెట్టింగ్ అసలు అక్కడ లేనే లేదని చూపించాను. టికెట్‌లో సక్సెస్ అని చూసి ఊరుకోవద్దు, బీటూల్ అవుట్‌పుట్ అడిగి తీసుకోండి. రీస్టార్ట్ అయ్యాక వచ్చే డేటా మాత్రమే సరవుతుంది, అప్పటికే ఇండెక్స్ అయినది అలాగే ఉంటుంది. డెవలపర్లు లాగులోనే టైమ్ పక్కన దాని జోన్‌ను బట్టి +0530 అనో +0000 అనో ఆఫ్‌సెట్ రాస్తే ఈ తంటాయే ఉండదు. తర్వాతి రిలీజ్‌లో పెట్టమని అడిగాను.

ఇప్పుడు మామూలు ఆలస్యం 6 నుంచి 9 సెకన్లు, రద్దీలో ఒక సర్వర్‌కి 70 దాకా పోతోంది. కేపీఐ మానిటరింగ్ ల్యాగ్ (డేటా చేరేదాకా సెర్చ్ ఆగే సమయం) డిఫాల్ట్‌గా 30 సెకన్లు, దాన్ని 90 చేశాను. అలర్ట్ నిమిషం ఆలస్యమైనా సగం డేటాతో వచ్చే పచ్చరంగు కంటే నయం.

ఐదో కేపీఐ ఒకటి కలిపాను: ఎన్ని హోస్ట్‌ల నుంచి లాగులు వస్తున్నాయో డిస్టింక్ట్ కౌంట్. 12 ఉంటే నార్మల్, 11 అయితే హై, 10కి దిగితే క్రిటికల్. దీనికి ఇంపార్టెన్స్ (స్కోరులో దాని బరువు) 11 ఇచ్చాను. అంటే మిగతావి ఎంత పచ్చగా ఉన్నా ఇది క్రిటికల్ అయితే సర్వీసూ క్రిటికలే. అన్నింటికీ 11 ఇచ్చేస్తే స్కోరుకి అర్థం పోతుంది, ఒక్కదానికే ఇవ్వండి. డేటా గ్యాప్ (డేటా రాని సమయం) దగ్గర రిక్వెస్టుల సంఖ్యకి 0 నింపమన్నాను. ఎర్రర్ శాతానికి "చివరి విలువ" ఎంచుకోవద్దు, చచ్చిన సర్వీసు మీద పాత పచ్చరంగు అలాగే నిలిచిపోతుంది.

తెల్లవారుజామున నాలుగు రిక్వెస్టుల్లో ఒకటి ఫెయిలైతే 25 శాతం క్రిటికల్ అని ఆన్‌కాల్ వాళ్లను లేపుతుంది. అందుకని మొత్తం 50 దాటితేనే శాతం లెక్కించేలా సెర్చ్‌లో షరతు పెట్టాను. ఎర్రర్ శాతానికి స్టాటిక్ (తమంతట మారని) హద్దులే ఉంచాను. అడాప్టివ్ ఒక్క రిక్వెస్టుల సంఖ్యకే, అదీ శిక్షణ 7 రోజులు కాకుండా 60 రోజులకి. 7 రోజులైతే నెల మొదట్లో జీతాలు పడ్డాక వచ్చే రద్దీ దాని లెక్కలోకే రాదు. పాత 60 రోజుల్లో ఆ నాలుగు సర్వర్ల లాగులు సరైన టైమ్‌లో పడని గుంత ఉంది కాబట్టి, కొత్త డేటా పోగయ్యే దాకా దానికీ చేత్తో పెట్టిన హద్దులే. దసరా సెలవులు కూడా మధ్యలో వస్తే అవి దాటాకే ఆన్ చేస్తాను.